కంచెకు ఇవతలి దుప్పి

ఆ ఏడు రంకెల కాలం మొదలయ్యేనాటికి నా చేతిలో మిగిలినవేమిటో ముందు చెబుతాను. ఆపరేషన్ అయిన ఎడమ మోకాలు. ఒక రైఫిలు, దానికి లైసెన్సు. మురుగునీటి పైపులోంచి కోసుకున్న మూరెడు ప్లాస్టిక్ గొట్టం. సిడ్నీకి ఉత్తరాన టూవూంబాలో నా కిరాణా కొట్టు, అందులో ఉగాదికి ఖాతాదారులకు పంచడానికి వేయించిన క్యాలెండర్ల కట్ట. డాక్టర్ హరిప్రియగారి కొండ మీది నేల చెక్కలో వేటాడుకోవడానికి ఆవిడ సంతకం పెట్టి ఇచ్చిన అనుమతి. చేతిలోంచి పోయింది ఒక్కటే. లోయ.

మా ఊరికి తూర్పున కొండ దిగితే ఎర్ర దుప్పులుంటాయి. ఎప్పుడో ఇంగ్లండు నుంచి తెచ్చి వదిలినవి. ఇప్పుడా కొండలన్నీ వాటివే అన్నట్టు తిరుగుతాయి. మార్చి చివర్లో మొదలుపెట్టి ఏప్రిల్ సగం దాకా మగ దుప్పులు ఆడవాటిని మందగా పోగేసుకుని, పక్కవాడెవడూ దగ్గరికి రాకుండా రంకెలు వేస్తాయి. గొట్టంలో నోరు పెట్టి మనం కూడా అలాగే రంకె వేస్తే జవాబిస్తాయి. జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చూసుకుని, గాలి మన మొహానికి తగిలేలా నడిచి, వేటకు వచ్చినవాణ్ణి తుపాకీ దెబ్బ అందే దూరానికి చేర్చాలి. గైడు పని అంతే. కొట్లో బియ్యం, పప్పులు అమ్ముకుంటూనే ఏడాదికి ఆ కొద్ది వారాలు నేనది చేసేవాణ్ణి. మా పల్నాడులో గిత్తల రంకెలు విని పెరిగిన గొంతు నాది. దుప్పి రంకె పట్టుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

లోయ కాలిన్ అనే పశువుల రైతుది. మా మధ్య కాగితం లేదు. నేను ఆయన కంచెలు బాగుచేసేవాణ్ణి, చెప్పకుండా దూరే వేటగాళ్ళను తరిమేవాణ్ణి, పండగొస్తే మా ఆవిడ వసంత చేసిన అరిసెలు పట్టుకెళ్ళేవాణ్ణి. దానికి బదులు లోయలో వేట నాది.

ఆ లోయలో ఒక మగ దుప్పి ఉండేది. మొదటిసారి చూసినప్పుడు దాని కొమ్ములు నా చేతి పొడవు కూడా లేవు. అయినా నిలబడ్డ తీరు చూసి వదిలేశాను. మరుసటి ఏడు ఒక వేటగాడు దాన్ని గురిలో పెట్టుకుంటే తుపాకీ గొట్టం మీద చెయ్యి వేసి కిందికి దించాను. తర్వాత ప్రతి ఏడూ అంతే. మిగతావాటిని చూపించాను గాని దాన్ని చూపించలేదు. పెరిగే సరుకును తొందరపడి అమ్మేవాడు వ్యాపారి కాడు. చివరికి ఒక్కో కొమ్ముకు ఎనిమిదేసి కొనలు తేలి, మెడ కింద జూలు నల్లబడి, అది కొండవాలు మీద నడిస్తే చెట్టు కదిలినట్టుండేది. పెద్దాయన అని పిలిచేవాణ్ణి.

ఈ సంగతులన్నీ నాతో పాటు తెలిసినవాడు రామ్మోహన్. జగిత్యాల నుంచి ఇక్కడ యూనివర్సిటీలో చదవడానికి వచ్చి, మా కొట్టు వ్యాను నడిపి, వసంత చేతి అన్నం తిని, తర్వాత పర్మనెంటు రెసిడెన్సీ కూడా తెచ్చుకున్నవాడు. తుపాకీ పట్టుకోవడం నేనే నేర్పాను. గొట్టంలో రంకె నేనే నేర్పాను. పెద్ద రంకె మాత్రమే నేర్పాను. అది ఎందుకో తర్వాత చెబుతాను.

నాకు మోకాలి ఆపరేషన్ జరిగిన ఏడు, ఆ సీజను తను చూసుకుంటానన్నాడు. "నువ్వు రెస్టు తీసుకో అన్నా. నేను లేనా?" అన్నాడు. ఉన్నాడు. నేను కర్ర ఊతంతో లేచి నడిచేనాటికి లోయ గేటుకు కొత్త తాళం పడింది. కాలిన్‌కు ఫోను చేశాను.

"నీ మోకాలు పాడైందటగా మేట్. ఇక కొండ ఎక్కవు, పని తనకు అప్పగించావు అని రామ్ చెప్పాడు. కాగితం మీద సంతకం పెట్టేశాను" అన్నాడు కాలిన్.

"నేను అప్పగించలేదు" అన్నాను.

"అది నువ్వూ అతనూ చూసుకోవాలి. నేను సంతకం పెట్టాను, మాట తప్పను. పైగా ఈ సీజన్లో ఆ పెద్ద దుప్పి పడితే ఇంకో అయిదేళ్ళు అతనికే ఇస్తానన్నాను. పడకపోతే ఈ వేటల గోలే మానేసి లోయలో పశువులు తోలుకుంటాను."

కాలిన్ మీద నాకు కోపం లేదు. కొన్నవాడి తప్పు కాదు, తనది కాని సరుకు అమ్మినవాడి తప్పు. రామ్మోహన్‌ను పెట్రోలు బంకు దగ్గర పట్టుకుని అడిగాను. అతని యూట్ ట్రక్కు వెనక నా పాత గొట్టం వేలాడుతోంది.

"బిజినెస్ అన్నా ఇది. గరం గాకు" అన్నాడు. "నీ కాలు గట్లుండె. కాలిన్ ఇంకెవనికో ఇస్తుండె. నేను కాపాడిన అనుకో."

"కాపాడినవాడివి తాళంచెవి నాకివ్వు మరి."

నవ్వాడు. "నువ్వు కొట్ల గూసో అన్నా, మంచిగ ఏసీల. కొండలు మా అసోంటోళ్ళకి ఇడిసిపెట్టు."

ఆ రోజే తేల్చుకున్నాను. లోయ తిరిగి రాదు. పెద్దాయన మాత్రం రామ్మోహన్ చేతుల మీదుగా పడకూడదు. పడితే అతను చూస్తుండగా నా చేతిలో పడాలి.

ఇంటికెళ్ళి వసంతతో చెప్పాను. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "డాక్టరు మోకాలు బాగుచేశాడు గాని, పైనున్నది బాగుచెయ్యలేదు" అంది. ఆ తర్వాత, "మన అన్నం తిన్నవాడు కదా. ఊరుకోకండి" అంది.

హరిప్రియగారు మా ఊరి ఆసుపత్రిలో డాక్టరు. కాలిన్ లోయకు ఆనుకుని, కొండ పైభాగంలో చిన్న చెక్క కొనుక్కుని మామిడి మొక్కలు నాటారు. ఇల్లు కడతానంటూనే కట్టలేదు. కంచె దూకి వచ్చిన దుప్పులు మొక్కల చిగుళ్ళన్నీ గొరిగేశాయి. "అంకుల్, బంగినపల్లికి ఒక్క చిగురు కూడా మిగల్లేదు. మీరేమైనా చెయ్యగలరా?" అని ఒక రోజు కొట్లోనే అడిగారు. చెయ్యగలను అన్నాను. కరివేపాకు కట్ట ఉచితంగా ఇచ్చి, అనుమతి రాయించుకున్నాను.

ఆ చెక్కకూ కాలిన్ లోయకూ మధ్య ఉన్న కంచె నేను వేసిందే. రెండు రాళ్ళ గుట్టల మధ్య దుప్పులు దాటే దారి ఒకటుంది. అక్కడ పై తీగ కాస్త దించి కట్టాను. తీగ ఎత్తుగా ఉంటే అవి ఎలాగూ తెంపుకుని పోతాయి, మళ్ళీ బాగుచెయ్యాల్సింది నేనే కదా అని. ఆ సంగతి రామ్మోహన్‌కు తెలియదు. అతనెప్పుడూ తీగ లాగే పనికి రాలేదు, చేతులు గీసుకుంటాయని.

ఇక గోపాలరావుగారు. సిడ్నీలో గిరావీన్‌లో ఉంటారు, ఫైనాన్సు కంపెనీలో పెద్ద హోదా. పదిమందికి చెప్పే మనిషి. ఆయన గోడ మీద పెద్దాయన తల వేలాడితే, మరుసటి ఏడు సగం సిడ్నీ రామ్మోహన్ వెంట నడుస్తుంది. ఆయన మొదట నా మనిషి. చాలా ఏళ్ళ కిందట తొలిసారి వేటకు వచ్చినప్పుడు, తుపాకీని భుజానికి వదులుగా ఆనించి కాల్చారు. అది వెనక్కి తన్ని, పైనున్న దుర్బీను కనుబొమ్మను చీల్చింది. రక్తం కారుతుంటే పక్కనున్న స్నేహితులు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయన పరువు నిలబెట్టాలి. నేను వాచీ చూసుకుని, "అయ్యో, రాహుకాలం సార్. నేనే చూసుకోవాల్సింది" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. ఆయన తేరుకుని, "చూశారా" అన్నారు వాళ్ళతో. కనుబొమ్మ మీద మచ్చ మిగిలింది, నమ్మకమూ మిగిలింది. ఆ తర్వాత రాహుకాలంలో ఆయన తుపాకీ ముట్టుకోలేదు. బిర్యానీ తింటారు, ఫోను మాట్లాడతారు, తుపాకీ మాత్రం సంచిలోంచి తియ్యరు. రామ్మోహన్ ఆయనతో ఎప్పుడూ కొండ ఎక్కలేదు. ఫోన్లో మాట్లాడి లాక్కున్నాడు, అంతే.

ఉగాది వెళ్ళిన తర్వాతి వారం గోపాలరావుగారు కొట్లోకి వచ్చారు. కాస్త మొహమాటపడుతూనే వచ్చారు.

"ఏమనుకోకు పాండురంగా. అతనేమో పెద్దాయన్ని చూపిస్తానన్నాడు. నువ్వు ఇన్నేళ్ళలో ఒక్కసారి చూపించలేదు."

"అనుకోవడానికేముంది సార్. వేట ఎప్పుడు?"

"శుక్రవారం నుంచి ఆదివారం దాకా. సోమవారం పొద్దున్నే ఫ్లైటు."

ఆదివారం అన్న మాట వినగానే చేతిలోని పప్పు గరిటె పక్కన పెట్టాను. క్యాలెండరు తీసి చుట్టి ఇచ్చాను. "తీసుకెళ్ళండి. మన టూవూంబా సూర్యోదయం మీద లెక్క కట్టించింది. మీ సిడ్నీ టైములు ఇక్కడ పనికిరావు సార్, గంట తేడా కూడా ఉంది."

"నువ్వు మాత్రం మర్చిపోవయ్యా" అన్నారాయన. అప్పుడే విప్పి, ఆ వారం మీద వేలు పెట్టి చూసుకున్నారు.

పంచాంగం చూసేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే, ఆదివారం రాహువుకు చివరి భాగం. అది సూర్యాస్తమయంతోనే ముగుస్తుంది. అంటే ఆదివారం సాయంత్రం దుప్పులు పొదల్లోంచి బయటికొచ్చి రంకెలు వేసే వేళ అంతా రాహువుదే. అది అయిపోయేసరికి గురి చూడ్డానికి వెలుతురుండదు. మన పిల్లలకు వారాంతం అంటే సెలవు. రామ్మోహన్ కూడా అంతే చూశాడు.

మిగతా రెండు రోజులు ఎలా గడుస్తాయోనన్న భయం మాత్రం ఉండింది. శుక్ర, శనివారాలు కొండ అంచు మీద పట్టిన పొగమంచు వదల్లేదు. హరిప్రియగారి చెక్కలో కూచుని విన్నాను. మంచులోంచి పెద్దాయన రంకె ఒకటి వినిపించేది, దానికి జవాబుగా రామ్మోహన్ గొట్టం మోగేది. ఎదురుగా ఉన్న చెయ్యి కనబడనప్పుడు తుపాకీ ఎందుకు? ఆదివారం పొద్దున కూడా మంచు విడిచేసరికి పొద్దెక్కింది, దుప్పులు పొదల్లోకి వెళ్ళిపోయాయి.

ఆ మధ్యాహ్నం నేను రాళ్ళ గుట్టల పైన, మామిడి మొక్కల వెనక చోటు చూసుకున్నాను. లోయలోంచి గాలి మొహానికి తగులుతోంది. ఎండ పసుపు రంగుకు తిరుగుతుండగా మంద బయటికొచ్చింది. ముందు ఆడవి, వాటి వెనక ఆయన. బురదలో పొర్లి వచ్చినట్టున్నాడు, పక్కలన్నీ నల్లగా ఉన్నాయి. పచ్చిక మధ్యలో నిలబడి మెడ చాచి రంకె వేశాడు. నా కింది రాయి అదిరినట్టనిపించింది.

బైనాక్యులర్స్ తిప్పాను. పచ్చికకు అవతల, ఎండిన వాగు గట్టు మీద రామ్మోహన్ అప్పటికే తుపాకీ ఆనించే కర్రలు పాతి ఉన్నాడు. వెనక గోపాలరావుగారు. దూరం అసలు ఎక్కువ కాదు. ఎవరైనా కొట్టగలిగినంత. రామ్మోహన్ వంగి, చేత్తో కర్రల వైపు చూపించాడు. గోపాలరావుగారు కోటు జేబులోంచి మడిచిన కాగితం తీశారు. నా క్యాలెండరులో ఆ నెల పేజీ. దాన్ని చూశారు, వాచీ చూశారు, తల అడ్డంగా ఊపి, తుపాకీ సంచి మీద కూచున్నారు.

అంత దూరం నుంచి మాటలు వినబడవు. రామ్మోహన్ చేతులు చూస్తే సరిపోయింది. మొదట బతిమాలాడు. తర్వాత ఆకాశం వైపు, పడమటి వైపు చూపించాడు. తర్వాత తన తుపాకీ తియ్యబోయాడు. గోపాలరావుగారు వేలు చూపించి వద్దన్నారు. తన గోడకు మరొకడు కొట్టిన దుప్పి తల ఎందుకు? ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నారు.

అప్పుడు నేను గొట్టం తీశాను.

రామ్మోహన్‌కు పెద్ద రంకె మాత్రమే నేర్పానని చెప్పాను కదా. దాన్ని విని మంద లేని మగ దుప్పి వస్తుంది. మంద ఉన్న పెద్దది రాదు, ఉన్న ఆడవాటిని తోలుకుని దూరంగా పోతుంది. అలాంటి పెద్దదాన్ని రప్పించడానికి వేరే కూత ఉంది. ఇంకా గొంతు ముదరని కుర్ర మగది, ఒంటరి ఆడదాన్ని పట్టుకున్నప్పుడు చేసే బలహీనమైన మూలుగు. దాని మధ్య ముక్కుతో ఆడదాని కూత. అది విన్న పెద్దది ఒళ్ళు మండి, వీణ్ణి ఒక్క పోటు పొడిచి దాన్ని కూడా తెచ్చుకుందామని వస్తుంది. దుకాణంలో సరుకంతా బల్ల మీద పరచకూడదు. ఒకటి కింద ఉంచుకోవాలి.

మూలిగాను. కర్రతో పక్కనున్న పొదను విరిచాను. ముక్కుతో ఆడదాని కూత కూశాను.

పెద్దాయన తల తిప్పాడు.

కింద రామ్మోహన్ లేచి నిలబడ్డాడు. నా గొంతు ఎలా మారినా అతనికి తెలుసు. కొండ పైకి చూశాడు, కంచె వైపు చూశాడు, విషయం అర్థమైంది. దుప్పిని నిలబెట్టాలి. అతని దగ్గరున్నది ఒక్కటే. గొట్టం ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి పెద్ద రంకె వేశాడు. చాలా బాగా వేశాడు. నేర్పినవాణ్ణి, చెప్పగలను.

పెద్దాయనకు వెనకేమో తనంత మొగాడు, ముందేమో ఒక పిల్లకాయ. మందను చుట్టుముట్టి, కొమ్ములతో తరుముతూ కొండ పైకి తోలాడు. రామ్మోహన్ మళ్ళీ రంకె వేశాడు. అవి ఇంకా తొందరపడ్డాయి. రాళ్ళ గుట్టల మధ్య దారి దగ్గర ఆడవి ఒకదాని వెంట ఒకటి తీగ దాటాయి. చివరికి ఆయన. కొమ్ములు వెనక్కి వాల్చి, పై తీగకు డెక్క కూడా తగలకుండా దూకాడు.

నేను కాల్చలేదు. కంచె మీద పడితే మాట వస్తుంది. మామిడి మొక్కల దాకా రానిచ్చాను. అక్కడ, వెనక మట్టి గట్టు అడ్డంగా ఉన్నచోట, పక్కకు తిరిగి నిలబడ్డాడు. పిల్లకాయ కోసం చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఎందరి తుపాకులనో దించిన ఆ చెయ్యితోనే నొక్కాను. కొద్ది అడుగులు నడిచి ముందు మోకాళ్ళ మీద కూలాడు.

కొమ్ముల దగ్గర నేను నిలబడి ఉండగానే రామ్మోహన్ రొప్పుతూ కంచె దగ్గరికొచ్చాడు. తీగ మీద రెండు చేతులు వేశాడు గాని దాటలేదు. తుపాకీ భుజాన పెట్టుకుని అనుమతి లేని నేల తొక్కితే లైసెన్సు పోతుందని అతనికి నేర్పింది కూడా నేనే.

"గిది నీతేనా అన్నా?" అన్నాడు.

"బిజినెస్సురా. గరం గాకు."

"అది మా లోయలది."

"దూకినప్పుడు నువ్వు చూశావుగా. నేను తోలానా, నువ్వు తోలావా? రంకె ఎవరిది?"

అతని మొహం నేను ఆబగా చూశాను. తొందరపడలేదు. పెట్రోలు బంకు దగ్గర నవ్విన నవ్వు ఎక్కడ మొదలైందో అక్కడినుంచి పూర్తిగా తుడిచిపెట్టుకు పోయేదాకా చూశాను.

గోపాలరావుగారు ఆయాసపడుతూ ఎక్కివచ్చేసరికి పొద్దు కుంకింది. దుప్పిని, నన్ను, వాచీని మార్చి మార్చి చూశారు.

"రాహుకాలంలో కొట్టావేమయ్యా" అన్నారు.

"నాకు పట్టింపు లేదు సార్."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే కనుబొమ్మ మీది మచ్చ దగ్గరికి పోయింది. చాలాసేపు నన్నే చూశారు. రామ్మోహన్ వైపు తిరిగి, "ఆదివారం ఎందుకు పెట్టావు? కనుక్కోవద్దా?" అన్నారు.

"మీరే గద సార్ వీకెండ్ అన్నరు."

"నేను అంటాను. గైడువి నువ్వు."

వాళ్ళు ఆ మాట మీదే వాదించుకుంటూ కిందికి దిగారు.

ఇప్పుడు తీరిన లెక్క చెప్పాలి. గోపాలరావుగారు మళ్ళీ రాలేదు, అతని దగ్గరికీ రాలేదు, నా దగ్గరికీ రాలేదు. క్యాలెండరు పంపితే జవాబు లేదు. కాలిన్ అన్నట్టే చేశాడు, లోయలో పశువులు తోలాడు. రామ్మోహన్ యూట్ అమ్ముకుని మెల్బోర్న్ వెళ్ళాడు. అక్కడ టార్నీట్‌లో ఎవరిదో గోడౌన్లో పనిచేస్తున్నాడని విన్నాను. పోయేముందు నా పాత గొట్టం మా కొట్టు తలుపుకు ఆనించి పోయాడు. రంకెల కాలంలో మగ దుప్పి మాంసం వాసన వేస్తుంది. వసంత గుమ్మంలోకి కూడా రానివ్వలేదు, అంతా కాలిన్ కుక్కలకు పోయింది. తలా కొమ్ములూ ఎండబెట్టి కొట్లో బియ్యం బస్తాల పైన గోడకు కొట్టించాను. దాని కింద నిలబడి పిల్లలు ఫోటోలు దిగుతారు. హరిప్రియగారి మామిడి మొక్కలు చిగిర్చాయి.

ఈ ఏడు ఉగాది తర్వాత ఒక సాయంత్రం ఆ చెక్కలోకి వెళ్ళి గొట్టంలో రంకె వేశాను. పెద్దదీ వేశాను, చిన్నదీ వేశాను. కింద పశువులు తలెత్తి చూశాయి. ఎక్కడినుంచీ జవాబు రాలేదు.

ఇంటికొస్తే వసంత అడిగింది. "ఇంతకీ మీకు మిగిలిందేమిటి?"

"కంచె మీద వాడి చేతులు" అన్నాను. "అవి మిగిలాయి."